నారాయణయ్య దావా

1912 అక్టోబరులో చెంగల్పట్టు జిల్లా కోర్టులో ఒక తండ్రి దావా వేశాడు. పేరు జిడ్డు నారాయణయ్య, ఊరు మదనపల్లె, రెవెన్యూ ఉద్యోగం చేసి రిటైరైన తెలుగు బ్రాహ్మణుడు. రెండున్నరేళ్ళ కిందట తానే సంతకం చేసి అప్పగించిన ఇద్దరు కొడుకులను తిరిగి ఇప్పించమని ఆయన కోరిక. ప్రతివాది దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనీబిసెంట్. ఆ పిల్లలు కృష్ణమూర్తి, నిత్యానంద. ఈ వ్యాజ్యాన్ని మనవాళ్ళు సాధారణంగా కృష్ణమూర్తి జీవితకథలో ఒక ఘట్టంగానో, దివ్యజ్ఞాన సమాజం గొడవల్లో ఒకటిగానో చదువుతారు. నా మటుకు దాన్ని వేరే వరుసలో పెట్టి చదవాలనిపిస్తుంది. కన్నతండ్రి ఒకసారి ఇచ్చిన బిడ్డను మళ్ళీ అడగవచ్చా, అడిగితే పెంచినవాళ్ళకు దిక్కేమిటి అన్న ప్రశ్నకు మన దేశంలో చట్టం చెప్పుకుంటూ వచ్చిన జవాబుల వరుస అది. పైకి ఇది రక్తానికీ పెంపకానికీ మధ్య పోరులా కనిపిస్తుంది. కోర్టులు తేల్చవలసి వచ్చింది మాత్రం ఎక్కువగా కాలం సంగతి. తండ్రి మాట ఎంతవరకు తండ్రి చేతిలో ఉంటుంది, ఎప్పటి నుంచి చెయ్యి దాటిపోతుంది?

పాత ధర్మశాస్త్రం దగ్గర దీనికి తడుముకోని జవాబు ఉంది. దత్తత ఒక దానం. బిడ్డ తల్లిదండ్రుల వల్ల పుట్టాడు కాబట్టి ఇచ్చే అధికారం వాళ్ళదే అన్నాడు వసిష్ఠుడు. తల్లి గానీ తండ్రి గానీ ప్రీతితో నీళ్ళు వదిలి ఇచ్చినవాడే దత్తపుత్రుడు అన్నాడు మనువు. అలా వెళ్ళిన కొడుక్కి కన్నతండ్రి గోత్రం ఉండదు, ఆస్తిలో భాగం ఉండదు, ఆయనకు పిండం పెట్టే బాధ్యతా ఉండదు. నందపండితుడి దత్తక మీమాంస వంటి గ్రంథాలు ఎంత దూరం విస్తరించినా మూలం ఇదే. తంతు కూడా ఈ తెగతెంపులను నలుగురికీ కనపడేలా చేయడానికే ఏర్పడింది. బంధువులను పిలవాలి, రాజుకు తెలియజేయాలి, ఇంటి నడుమ హోమం చేయాలి. పుచ్చుకునేవాడు వెళ్ళి నీ కొడుకును నాకు ఇమ్మని నోరు విడిచి అడగాలి, కన్నతండ్రి ఇస్తున్నానని పైకి అనాలి. అప్పుడు బిడ్డ ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి మారతాడు. ఆ క్షణం దాకా కన్నవాడు ఎంత తటపటాయించినా అడిగేవాడు లేడు. ఆ క్షణం దాటాక ఆయన మాట చెల్లదు.

అందుకే పాత దత్తత వ్యాజ్యాల్లో వాదిగా కన్నతండ్రి కనిపించడం అరుదు. అక్కడ కోర్టుకెక్కేవాడు దాయాది. దత్తత చెల్లదని తేలితే ఆస్తి తనకు వస్తుందని చూసేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళిన బలుసు వారి కేసు ఈ బాపతుదే. ఒక్కగానొక్క కొడుకును ఇవ్వరాదు, పుచ్చుకోరాదు అని వసిష్ఠుడు స్పష్టంగా అన్నాడు కదా, మరి అలా జరిగిన దత్తత చెల్లుతుందా అన్నది తగువు. 1899లో ప్రివీ కౌన్సిల్ చెల్లుతుందనే తేల్చింది. ఆ నిషేధం మంచిచెడ్డలు చెప్పే హితవే తప్ప జరిగిన దత్తతను కొట్టేసే విధి కాదన్నది. అంటే శాస్త్రం వద్దన్న దానం కూడా, ఒకసారి జరిగాక, దానమే. మన కమ్మ, రెడ్డి కుటుంబాల్లోని ఇల్లరికం ఆచారంతో పోలిస్తే దత్తత ఎంత కోత పెట్టేదో తెలుస్తుంది. మామగారింట్లో కొడుకు స్థానంలో నిలిచి ఆస్తికి హక్కుదారయ్యే ఇల్లరికపుటల్లుడు తన పుట్టింటి భాగాన్ని వదులుకోనక్కర లేదని మద్రాసు కోర్టులు ఒప్పుకున్నాయి. దత్తుపోయినవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఇదంతా ఆస్తి కోసం, పిండాల కోసం పెద్దలు చేసుకున్న ఏర్పాటే కానీ ఇందులో బిడ్డ మేలు ఎక్కడుంది అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిందే. ఒడి మారిన పసివాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు. ఆడపిల్లకైతే శాస్త్రకారుల్లో ఎక్కువమంది ఈ పద్ధతిలో చోటే ఇవ్వలేదు. అయినా ఉద్దేశం ఒకటి, ఫలం మరొకటి కావడం చట్టాల చరిత్రలో కొత్త కాదు. వంశం కోసం కట్టిన ఆ గట్టు, పెంచిన తల్లి ఇంటికి రేపు ఎవరో వచ్చి బిడ్డను లాక్కుపోతారన్న భయం లేకుండా చేసింది. అదే ఎంత విలువైనదో అది లేని చోట చూస్తే గానీ తెలియదు. నారాయణయ్య కథలో లేనిది సరిగ్గా అదే.

ఆయన 1882 నుంచే దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. 1905లో భార్య సంజీవమ్మ పోయింది. రెండేళ్ళకు ఉద్యోగ విరమణ. 1909 జనవరిలో కొడుకులను వెంటబెట్టుకుని మద్రాసు దగ్గరి అడయారుకు వచ్చి, సమాజం ఆవరణ వెలుపల ఒక చిన్న ఇంట్లో దిగి, అక్కడి కార్యాలయంలో పనికి కుదిరాడు. ఆ ఏడాదే సమాజం నాయకుల్లో ఒకడైన సి.డబ్ల్యు. లెడ్‌బీటర్ కన్ను పద్నాలుగేళ్ళ కృష్ణమూర్తి మీద పడింది. రాబోయే జగద్గురువుకు ఈ అబ్బాయి దేహమే ఆధారమవుతుందని ఆయన ప్రకటించాడు. అన్నను విడిచి తమ్ముడు ఉండలేడు కాబట్టి ఇద్దరినీ చేరదీశారు. 1910 మార్చి 6న నారాయణయ్య ఒక పత్రం మీద సంతకం చేసి పిల్లల సంరక్షణను, చదువును అనీబిసెంట్‌కు అప్పగించాడు. పిల్లలు ఆమెను అమ్మా అనేవారు. ఈ అప్పగింతలో హోమం లేదు, గోత్రం మారలేదు, కన్నతండ్రి నోట ఇస్తున్నాననే మాట బంధువుల ముందు రాలేదు. ఉన్నది ఒక కాగితం. ఆయన దృష్టిలో అది చదువు కోసం పిల్లలను పెద్దల దగ్గర ఉంచడం. ఆమె దృష్టిలో అది లోకకల్యాణం కోసం తనకు దక్కిన బాధ్యత. ఒకే కాగితానికి ఇంత దూరపు అర్థాలు పెట్టుకున్న ఇద్దరు మూడేళ్ళు పొసగి ఉంటే ఆశ్చర్యపడాలి గానీ, కోర్టుకెళ్ళారంటే ఆశ్చర్యం లేదు.

దత్తతే చేసుకోవచ్చుగా అంటే, దారి లేదు. హిందూ ధర్మశాస్త్రంలో స్త్రీ తన కోసం దత్తత చేసుకోలేదు, చేసుకుంటే భర్త కోసమే. అందులోనూ ఈమె పరదేశి, పిల్లవాడికి అప్పటికే ఉపనయనం అయిపోయింది. పోనీ ఆమె సొంత దేశపు చట్టం వైపు వెళ్దామంటే ఇంగ్లండులో అప్పటికి చట్టబద్ధమైన దత్తత అన్నదే లేదు. అక్కడ మొదటి దత్తత చట్టం వచ్చింది 1926లో. మన నాగరికతను దిద్దడానికి వచ్చామనుకున్నవాళ్ళకు ఈ విషయంలో మన దగ్గర ఉన్నంత కూడా లేదన్నమాట. పైగా ఇంగ్లీషు న్యాయంలో తండ్రి హక్కు ఎంత మొండిదో అనీబిసెంట్‌కు తెలిసినంతగా ఆ కోర్టు హాల్లో ఇంకెవరికీ తెలియదు. మతాచార్యుడైన భర్త నుంచి 1873లో విడిపోయినప్పుడు కూతురు మేబెల్ తన దగ్గరే ఉండేలా ఆమె ఒప్పందం రాయించుకుంది. 1878లో, ఆమె నాస్తిక ప్రచారాన్నీ, సంతాన నియంత్రణ మీద ప్రచురించిన చిన్న పుస్తకాన్నీ కారణంగా చూపి, కోర్టు ఆ పిల్లను తండ్రికి అప్పగించింది. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి, తండ్రి సంతకం పెట్టిన కాగితాన్ని కోర్టు నిలబెట్టాలని వాదించవలసిన వంతు మళ్ళీ ఆమెకే వచ్చింది.

1912 జనవరిలో గొడవ ముదిరాక, పిల్లలను చదువు కోసం ఇంగ్లండు తీసుకెళ్ళడానికి అభ్యంతరం లేదని నారాయణయ్య మరో కాగితం రాసిచ్చాడు. లెడ్‌బీటర్‌ను పిల్లల దగ్గరికి రానివ్వకూడదన్నది ఆయన పట్టుదల. అది నెరవేరడం లేదని తోచాక, జూలైలో తన అనుమతిని రద్దు చేస్తున్నానని, పిల్లలను తెచ్చి అప్పగించమని రాశాడు. అప్పటికి పిల్లలు సముద్రం దాటారు. దావా చెంగల్పట్టు నుంచి మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. అనీబిసెంట్ తన కేసు తానే వాదించుకుంది. తండ్రి తరఫున నిలబడ్డది యువ న్యాయవాది సి.పి. రామస్వామి అయ్యరు. తరవాతి కాలంలో ఆమె హోంరూల్ ఉద్యమంలో కుడిభుజమైనవాడూ ఆయనే, అది వేరే కథ. జస్టిస్ బేక్‌వెల్ 1913 ఏప్రిల్ 15న తీర్పు చెప్పాడు. లెడ్‌బీటర్ మీద తండ్రి చేసిన నిర్దిష్టమైన దుష్ప్రవర్తన ఆరోపణ రుజువు కాలేదన్నాడు. అయితే లెడ్‌బీటర్ భావాలను బట్టి పిల్లలకు అలాంటివాడి సాంగత్యం ప్రమాదకరమన్నాడు. పిల్లలను కోర్టు రక్షణలోకి తీసుకుంటున్నట్టు ప్రకటించి, మే 26 లోగా తండ్రికి అప్పగించమన్నాడు. అక్టోబరులో చీఫ్ జస్టిస్ ఆర్నాల్డ్ వైట్, జస్టిస్ ఓల్డ్‌ఫీల్డ్ అప్పీలులోనూ దాన్నే ఖాయం చేశారు. మద్రాసులో తండ్రి రెండు చోట్లా గెలిచాడు.

1914 మేలో ప్రివీ కౌన్సిల్ ఆ రెండు తీర్పులనూ కొట్టేసింది. లార్డ్ పార్కర్ రాసిన తీర్పులో మొదటి భాగం తండ్రికి అనుకూలంగానే ఉంటుంది. హిందూ న్యాయంలోనూ ఇంగ్లీషు న్యాయంలోనూ తండ్రే సహజ సంరక్షకుడు. ఆ సంరక్షకత్వం ఒక పవిత్రమైన నమ్మకం లాంటిది కాబట్టి తాను బతికుండగా దాన్ని ఇంకొకరికి పూర్తిగా ధారపోయలేడు. పిల్లల పోషణ, చదువు ఇంకొకరికి అప్పగించవచ్చు కానీ ఆ అనుమతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఇక్కడితో ఆగితే నారాయణయ్యదే గెలుపు. కానీ తీర్పు ఆగలేదు. ఆ అనుమతి మీద ఆధారపడి పిల్లల మనసులో బంధాలు ఏర్పడి, ఆశలు చిగురించి, వాటిని చెదరగొడితే పిల్లలకే నష్టమనిపించినప్పుడు, కోర్టు ఆ రద్దును అమలు చేయదన్నది. దానం కాని అప్పగింత కూడా, పిల్లవాడి లోపల కొంతకాలం గడిచాక, దానమంత గట్టిదవుతుందన్నమాట. శాస్త్రం ఒక్క క్షణంలో పెట్టిన గట్టును ఈ తీర్పు కొన్నేళ్ళ మీదుగా నెమ్మదిగా లేవనిచ్చింది. అయితే ఆ గట్టు లేచిందో లేదో ఈ కేసులో చూడలేదు. సంరక్షకుల చట్టం ప్రకారం పిల్లలు మామూలుగా నివసించే జిల్లా కోర్టుకే విచారణాధికారం ఉంటుంది. ఇంగ్లండులో ఉన్న పిల్లలు చెంగల్పట్టు జిల్లా నివాసులు కారు. పైగా వాళ్ళు దావాలో పార్టీలే కారు, వాళ్ళ ఇష్టమేమిటో ఎవరూ అడగలేదు. తండ్రికి కావాలంటే ఇంగ్లండు హైకోర్టుకు వెళ్ళవచ్చు. అంతటితో కేసు ముగిసింది. అప్పటికి కృష్ణమూర్తికి పంతొమ్మిదేళ్ళు.

ఈ తీర్పు మీద ఎన్నాళ్ళ నుంచో ఉన్న ఆక్షేపణ బలమైనదే. సముద్రాలు దాటించగల ధనబలం, పలుకుబడి ఉన్న ఇంగ్లీషు దొరసానికి, పింఛను మీద బతికే మదనపల్లె గృహస్థుకు మధ్య తగువు ఇది. పిల్లలను ఓడ ఎక్కించిన చర్యే ఆమెకు విచారణాధికారం అనే కవచమైంది. ఇంగ్లండు వెళ్ళి దావా వేసుకోమని ఆయనతో అనడం, కేసు వదులుకోమనడంతో సమానం. అంతకన్నా పెద్ద దోషం బంధాలు, ఆశలు అనే ఆ మాటలోనే ఉంది. జాప్యం చేసేవాడికి అది లాభం చేకూరుస్తుంది. ఎంత కాలం సాగదీస్తే అంత గట్టి బంధం. ఇవన్నీ నేను ఒప్పుకుంటాను. తండ్రి భయాలూ ఉత్తవి కావు. అబ్బాయిల విషయంలో వచ్చిన ఆరోపణల మీద 1906లో సమాజం విడిచిపోవలసి వచ్చి, తిరిగి చేరిన లెడ్‌బీటర్ దగ్గర తన కొడుకులున్నారు. వాళ్ళను కులాచారం నుంచి తప్పించారు, పెద్దవాడికి పూజలు మొదలయ్యాయి. అయినా, ఎదురుగా లేని, అడగని, పార్టీలుగా చేర్చని ఇద్దరు అబ్బాయిల బతుకును మద్రాసు కోర్టులు తేల్చేశాయన్న ప్రివీ కౌన్సిల్ విమర్శను ఉత్త సాంకేతిక సాకుగా కొట్టిపారేయలేం. బిడ్డ మేలే కొలబద్ద అని ఒప్పుకున్నాక, ఆ బిడ్డను చూడకుండా కొలిచే వీలు కోర్టుకు లేదు. ఆ తీర్పు నారాయణయ్యకు చేసిన అన్యాయం దాని సూత్రంలో లేదు. పిల్లవాణ్ణి ఎదురుగా నిలబెట్టి అడిగే ఖర్చును ఓడినవాడి మీదే వేయడంలో ఉంది.

తరవాతి నూరేళ్ళ చట్టం ఈ రెండు గట్లను దగ్గరికి చేర్చే ప్రయత్నమే అనిపిస్తుంది. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం పాత దానపు సూత్రాన్ని నిలిపింది. దత్త హోమం తప్పనిసరి కాదన్నది గానీ, బిడ్డను చేతుల మీదుగా ఇచ్చి పుచ్చుకోవడం తప్పనిసరి అన్నది. సక్రమంగా జరిగిన దత్తతను పెంచిన తల్లిదండ్రులు గానీ ఇంకెవరైనా గానీ రద్దు చేయలేరని పదిహేనో సెక్షన్ చెబుతుంది. ఆ ఇంకెవరైనాలో కన్నతండ్రి కూడా ఉన్నాడు. కాబట్టి ఆయనకు మిగిలిన దారి దత్తతే జరగలేదనో, తల్లి సమ్మతి లేదనో వాదించడం ఒక్కటే. ఇవ్వడంలో తండ్రికే పెద్దపీట వేసిన నియమం మారి తల్లికీ సమాన హక్కు రావడానికి మాత్రం 2010 దాకా పట్టింది. హిందువులు కానివాళ్ళకు, విదేశాల నుంచి వచ్చి మన పిల్లలను పెంచుకోదలచినవాళ్ళకు చాలాకాలం 1890 నాటి సంరక్షకుల చట్టమే గతి. అంటే నారాయణయ్య కాలం నాటి సంరక్షకత్వమే తప్ప పూర్తి దత్తత కాదు. ఆ తలుపు అందరికీ తెరుచుకున్నది 2000 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంతోనూ, దాని సవరణలతోనూ.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఒక అంకె. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు మనసు మార్చుకోవడానికి రెండు నెలలు. దానంలో మాదిరి క్షణం కాదు, 1914 తీర్పులో మాదిరి ఎంతో తెలియని కాలమూ కాదు. సాగదీసినవాడికే బలం అన్న ఆక్షేపణకు ఇది సూటి జవాబు. అయితే గడువు ఎంత కచ్చితంగా ఉన్నా, అది మొదలయ్యే సంతకం నిజమైనదైతేనే పనికొస్తుంది. నల్గొండ జిల్లా లంబాడా తండాల్లో ఆడశిశువులను కొద్ది డబ్బుకు కొని, తల్లిదండ్రులు వదులుకున్నట్టు కాగితాలు పుట్టించిన వ్యవహారాలు 1999లోనూ 2001లోనూ బయటపడ్డాయి. దాంతో పేదరికం కారణంగా బిడ్డను వదులుకునే పద్ధతినే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆపేసింది. ఆ వేలిముద్రల కింద ఇవ్వడమూ లేదు, ఇష్టమూ లేదు. పెళ్ళికాని తల్లి విషయంలో ఇంకో చిక్కు. బిడ్డను అప్పగించే అధికారం ఆమె ఒక్కతెదే, తండ్రి సంతకం అక్కర లేదు. అలాంటి తల్లిని సంరక్షకురాలిగా గుర్తించడానికి తండ్రికి నోటీసు ఇవ్వనక్కర లేదని 2015లో సుప్రీంకోర్టు కూడా అన్నది. బిడ్డను పట్టించుకోని మగవాడికి ఆ నియమం తగినదే. పట్టించుకునే తండ్రికి మాత్రం అందులో చోటు చాలా తక్కువ.

2021లో కేరళ నుంచి వచ్చి ఒక ఆంధ్ర దంపతుల ఇంట్లో ముగిసిన కేసులో ఈ చిక్కులన్నీ ఒకేసారి ఎదురయ్యాయి. తిరువనంతపురంలో పెళ్ళికాకుండా పుట్టిన మగబిడ్డను 2020 అక్టోబరులో తల్లి కుటుంబం వాళ్ళు శిశు సంక్షేమ సమితికి చేర్చారు. తన ఇష్టం లేకుండా, మోసంతో సంతకం పెట్టించుకుని తీసుకుపోయారని తల్లి ఫిర్యాదు. బిడ్డ తండ్రి కూడా ఆమె పక్షానే నిలబడ్డాడు. ఈలోగా కాగితాలు తమ దారిన తాము నడిచాయి. 2021 ఆగస్టులో ఆ బిడ్డను ఆంధ్రప్రదేశ్‌లోని ఉపాధ్యాయ దంపతులకు దత్తతకు ముందు దశగా పెంపకానికి ఇచ్చారు. గొడవ బయటికి పొక్కాక ఫ్యామిలీ కోర్టు దత్తతను నిలిపేసింది. నవంబరులో అధికారులు ఆంధ్రకు వచ్చి బిడ్డను వెనక్కి తీసుకెళ్ళారు. డీఎన్‌ఏ పరీక్షలో కన్నవాళ్ళెవరో తేలింది, నవంబరు 24న బిడ్డ తల్లి చేతికి చేరాడు. నా లెక్కలో ఇది సరైన తీర్పే. ఇచ్చిన చెయ్యి తల్లిది కాదంటే గడువు అసలు మొదలే కాలేదు. పెంచిన ఇంట్లో మూడు నెలలకే బంధం బలపడిందని వాదించడం, మోసం చేసినవాడికి కాలం అందించిన లాభాన్ని ఒప్పుకోవడమే. కానీ ఆ మూడు నెలలూ ఆ పసివాణ్ణి ఎత్తుకుని తిరిగిన ఆంధ్ర దంపతులు చట్టం దృష్టిలో ఇంకా తల్లిదండ్రులు కారు. దత్తత ఉత్తర్వు రాలేదు కాబట్టి కాపాడమని అడగడానికి వాళ్ళకు పదిహేనో సెక్షన్ లేదు, దానం లేదు, 1914 నాటి బంధాలు, ఆశల మాట ఎత్తడానికి కాలమూ చాలలేదు. ఆ దశలో పెంచేవాళ్ళకు ఏ హక్కు ఉండాలో, అసలు ఉండాలో లేదో, 2022లో దత్తత ఉత్తర్వులు ఇచ్చే పని కోర్టుల నుంచి జిల్లా మెజిస్ట్రేట్లకు మారినప్పుడు కూడా తేల్చలేదు.